ఒకే గదిలో నేనూ నా కొడుకూ

మొన్న శుక్రవారం మా కంపెనీ కూలీలుండే అస్కర్ క్యాంపులో నా పక్క మంచం ఆయన, తన కొడుక్కి ఇక్కడే పని చూసి రప్పించుకుంటే కళ్లముందు ఉంటాడు కదా అని సలహా అడిగితే, బట్టలు ఆరేసే నెపంతో మేడమీదికి వెళ్లిపోయాను.

ఎడారి దేశం ఏదైనా దుబాయే అంటూ ఇల్లు విడిచిన మన తరానికి పిల్లల్ని పెంచడమంటే సెలవుల్లో ఎత్తుకోవడం, మిగతా కాలమంతా ఫోనులో బుద్ధులు చెప్పడం. తిన్నావా, బడికెళ్లావా అని నేనడిగేవాణ్ని, వాడు ఊఁ కొట్టేవాడు, తండ్రిగా నా డ్యూటీ అయిందనుకుని పడుకునేవాణ్ని. వాడు కాలేజీ మానేసి తాగుతున్నాడని మా ఆవిడ ఏడిస్తే, సూపర్‌వైజరును బతిమాలి నా కంపెనీలోకే, నా గదిలోకే రప్పించుకున్నాను.

వచ్చిన రోజు వాడికి కింది మంచం ఇచ్చి నేను పైకి మారాను. చిన్నప్పుడు నా గ్లాసు లాక్కుని తాగేవాడు కదా అని చక్కెర ఎక్కువేసి చాయ్ కలిపిస్తే, చాయ్ ఎప్పుడో మానేశానన్నాడు. ఏ కూర ఇష్టమో, నిద్రలో ఎందుకు ఉలిక్కిపడతాడో, మోచేతిమీద ఆ మచ్చ ఎలా పడిందో నాకు తెలియదు. గదిలోవాళ్లు మాత్రం అచ్చం నీ పోలికే భాయ్ అంటుంటే తలూపుతూ కూర్చున్నాను.

ఇక్కడా తాగుడు మొదలైంది. ఒకరోజు పనికి లేవకపోతే అందరిముందూ తిట్టి చెయ్యెత్తాను. వాడు నా చెయ్యి పట్టుకుని, గొంతు పెంచకుండానే అన్నాడు.

"ఇన్నేండ్లు ఫోన్ల తిడితివి బాపూ, కట్ జేస్తే అయిపోయేది. ఇప్పుడు ఎదురుంగ నిలవడి తిడుతున్నవ్. నేనేం జెయ్యాలె?"

చెయ్యి విడిపించుకుని వెళ్లి కంపెనీ బస్సెక్కాను.

కొన్నాళ్లకు వీసా ఇచ్చిన యజమానిని, కఫీల్‌ను, ఒప్పించుకుని వాడు హిద్‌లో ఓడరేవు పనికి వెళ్లిపోయాడు. ఒక సెలవునాడు కోడికూర వండి వాడుండే క్యాంపుకు తీసుకెళ్తే, డ్యూటీలో ఉన్నానని గేటు దగ్గరికి కబురు పంపాడు. తలెత్తి చూస్తే పైఅంతస్తు వరండాలో నిలబడి ఉన్నాడు. డబ్బా కాపలావాడికిచ్చి వచ్చేశాను. ఇప్పుడు ఫోను చేస్తే మర్యాదగానే పలుకుతాడు, తాగుడు మానాడో లేదో మాత్రం అడగను.

మా బాపు నాతో మాట్లాడింది తక్కువే. కానీ పొలంలో పొద్దంతా ఒకే గట్టుమీద ఉండేవాళ్లం కనుక, ఆయన దగ్గు వింటే చాలు, కోపంగా ఉన్నాడో దిగులుగా ఉన్నాడో నాకు తెలిసిపోయేది. నా కొడుకుతో మాట్లాడని వారం లేదు. ఒకే గదిలో ఉన్న రోజుల్లో కూడా, చీకట్లో వాడు దగ్గితే ఎవరో అనుకునేవాణ్ని.