సూదికి దారిచ్చిన బొమ్మలు

మొన్న మా మనుమరాలు కరీంనగర్ నుంచి వస్తూ కుట్టుకునే బొమ్మ ఒకటి కొనుక్కొచ్చింది. గళ్ళ గుడ్డ మీద పువ్వులు మిషన్‌తో అచ్చువేసి, కావలసిన ఊలు దారాలూ సూదీ కూడా ఆ సంచిలోనే పెట్టి అమ్ముతున్నారట. అది చూడగానే బెల్లంపల్లిలో నేను ఇల్లిల్లూ తిరిగి అలాంటి గుడ్డలే అమ్మిన రోజులు గుర్తుకొచ్చాయి. మన ఈడు ఆడవాళ్ళలో గడులు గడులుగా నేసిన మ్యాటీ గుడ్డ మీద ఏదో ఒకటి కుట్టి, అద్దం కట్టించి గోడకు పెట్టనివాళ్ళు తక్కువే కదా.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, బొగ్గుబాయిలో పట్టాల మీద నడిచే బొగ్గు తొట్టె మీదికొచ్చి మా ఆయన పాదం నలిగింది. కర్ర లేనిదే నడవలేని మనిషికి బాయిలో పని లేదు. చిన్నప్పుడు నిర్మల్‌లో మేనమామ దగ్గర కొయ్యబొమ్మలకు రంగులు వేయడం నేర్చిన చేయి కావడంతో, అరచేయంత మ్యాటీ గుడ్డముక్కల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్ళు ఆ రంగుల మీదుగా ఊలుతో కుట్టుకునేవారు. వాటిలో ఏవి అమ్ముడుపోతాయో ఏరడం, అమ్ముకురావడం నా వంతు.

ఆ ఏరడం దగ్గరే తగాదా వచ్చింది. ఆయన నెమలి మెడలో నీలం ఎక్కడ ఆగిందో పచ్చ ఎక్కడ మొదలైందో తెలియనంత నాజూకుగా కలిపేవాడు. చూడటానికి బాగానే ఉండేది గాని, కుట్టేవాళ్ళు ఒక్కో గడికి ఒక్కటే రంగు దారం ఎంచుకోవాలాయె. అలాంటివి నేను పక్కన పెడితే ఆయనకు కోపం.

"కాలు పోయినా గీ చేత్తోని బతుకుదామనుకున్న. నువ్వు గూడ పనికిరావంటే ఇగ ఎందుకే?" అని ఒకనాడు కుంచెలు కడిగి అటక మీద పెట్టించాడు. వారాల తరబడి గుడ్డ ముట్టలేదు, నాతో మాట కూడా ముక్తసరిగానే. ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైంది.

నేను బతిమాలలేదు. "జర నాతోని రా, ఎట్ల కుడ్తరో ఒక్కపారి జూడు" అని, నా దగ్గర కొనే ఒక బాయి ఆఫీసరు గారి బంగళాకు తీసుకుపోయాను. ఆ ఇంటావిడ గుంటూరు వైపు మనిషి. నేను వద్దన్నా ముచ్చటపడి కొన్న నెమలిని కుట్టి విప్పి, కుట్టి విప్పి, మెడ దగ్గరే ఆగిపోయింది. కర్రతో వచ్చిన మనిషే దాన్ని వేశాడని ఆమెకు తెలియదు.

"ఎవరు వేశారో గాని అమ్మాయ్, ప్రాణం ఉందనుకో. కుడదామంటేనే సూదికి దారి దొరకడం లేదు" అంది.

ఆయన కర్రను గోడకు ఆనించి, ఆ గుడ్డను కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"తప్పు నీ కుట్టుది కాదమ్మా, బొమ్మది. నేనే వేసిన. ఇయ్యి, సక్కజేసి తెస్త" అన్నాడు. ఆమె నొచ్చుకుంది గాని ఆయన నొచ్చుకోలేదు. వచ్చేటప్పుడు రైలుగేటు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా, "ఇగ నువ్వే ఏరు. నువ్వు తీసేసింది మళ్ళ వేస్త" అన్నాడు.

ఆ తరవాత గడిగడికీ ఒక్కటే రంగు నింపేవాడు. మంచిర్యాల ఊలు దుకాణం వాళ్ళు కూడా అడిగి తీసుకునేవారు. పిల్లల చదువులు ఆ గుడ్డల మీదే గడిచాయి.

ఇప్పుడు బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, బంగళాలు చాలావరకు ఖాళీ. కొన్నవాళ్ళు బదిలీల మీద ఎక్కడెక్కడికో పోయారు. ఆయనా లేడు. ఎవరి గోడ మీదనో ఇంకా ఒక కుట్టుబొమ్మ ఉండే ఉంటుంది. దాన్ని కుట్టిన తల్లినో అత్తనో ఆ ఇంటివాళ్ళు తలచుకుంటారు. దారం కింది రంగు ఎవరిదో వాళ్ళకు తెలిసే వీలు లేదు. అది కనపడకుండా పోవాలనే ఆయన అంత ఓపికగా వేసేవాడు.