నాలుగు వేళ్ల ఎత్తు

షెడ్డుల వీధిలో ఆయనను కోతల మేస్త్రి అంటారు. మాటల్లో కోతలు కోసే మనిషి కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టే. ఆయన కోసేది స్ప్రింగులు. కారు నేలకు దగ్గరగా కనిపిస్తే అందమని నమ్మేవాళ్లు కొందరుంటారు. వాళ్లు ఆయన దగ్గరికి వస్తారు. ఆయన చక్రం ఊడదీసి, స్ప్రింగు బయటికి తీసి, ఒకటిన్నర చుట్టు కోసి, మళ్లీ పెట్టి బిగిస్తాడు. కారు దిగుతుంది. వాళ్లు రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటారు, నవ్వుకుంటూ వెళ్లిపోతారు.

నెలకో రెండు నెలలకో కొందరు తిరిగి వస్తారు. గుంటలో పడితే కింద కొడుతోందంటారు. వాళ్లందరికీ ఆయన చెప్పేది ఒకటే మాట.

"మెల్లగా పోనివ్వండి."

ముప్పై ఒక్క ఏళ్లుగా అదే మాట. అబద్ధం కాదు. మెల్లగా పోతే నిజంగానే తక్కువ కొడుతుంది.

పదహారో ఏట లారీల షెడ్డులో చేరాడు. చేయి పట్టుకుని తీసుకెళ్లి చేర్పించింది అక్క. ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అప్పటికే ఆమె ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పనిలో ఉండేది. లారీల షెడ్డులో ఆయన కమాన్ కట్టలు, అంటే లారీ కింద వేసే ఇనుప పట్టీల స్ప్రింగులు, మోశాడు. ఒక్కో కట్ట ఒక మనిషంత బరువు. కొన్నాళ్లకు కార్లకు మారాడు. బరువు తగ్గింది, వంగడం పెరిగింది. ఇప్పుడు ఎడమ మోకాలు సరిగా మడత పడదు. ఇంట్లో కుర్చీలోంచి లేచినప్పుడు అది చేసే చప్పుడు విని భార్య, కాస్త గ్రీజు పెట్టుకోకూడదూ అంటుంది. ఆయన నవ్వడు. ఎక్కడ పెట్టాలో చూపించమంటాడు.

ఈ ఏడాది మొదట్లో అక్క ప్రెస్సు మెట్ల మీద పడింది. వెన్ను దెబ్బతింది. ఆపరేషన్ అయ్యాక చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చింది. కాళ్లలో స్పర్శ ఉంది, బలం లేదు. ఆరు నెలలు విడవకుండా వ్యాయామం చేయిస్తే నిలబడే అవకాశం ఉందని, ఆ ఆరు నెలలూ దాటిపోతే చెప్పలేమని డాక్టరు అన్నాడు. వారానికి మూడు రోజులు ఊరికి అటు చివరనున్న వ్యాయామశాలకు వెళ్లాలి. బావ కారు నడుపుతాడు. చిక్కు ఎక్కడంటే, కారు సీటు కుర్చీకంటే నాలుగు వేళ్లు ఎత్తు. కుర్చీకీ సీటుకీ మధ్య ఒక చెక్క పలక వేసుకుని ఆమె జరగాలి. నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కడమంటే, ఆ చేతులకు అది గోడ ఎక్కినట్టే.

"సీటు ఎత్తుగా ఉందిరా. ఏదైనా చెయ్యి" అంది తమ్ముడితో.

ఆయన ఆ మధ్యాహ్నమే కారు షెడ్డుకు తెప్పించాడు. నాలుగు స్ప్రింగులూ కోశాడు. సీటు కుర్చీకి సరిగ్గా సమానమైంది. మామూలుగా చేసినట్టే, ఒక్కడే కూర్చుని షెడ్డుల వీధి చుట్టూ ఒకసారి తిప్పి చూశాడు. చప్పుడు లేదు. బావకు తాళం ఇచ్చేశాడు. అక్క పలక మీద జారి సీట్లో కూర్చున్నప్పుడు మేస్త్రి కళ్లలో కనిపించిన తృప్తి చూసి బావ, మొత్తానికి నీ కోతలు ఇన్నాళ్లకు ఒక మంచి పనికి పనికొచ్చాయి అన్నాడు.

ఇంటి నుంచి వ్యాయామశాల దాకా ఏడు స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి.

ఖాళీ కారు వేరు, నిండిన కారు వేరు. బావ స్థూలకాయుడు. వెనక డిక్కీలో చక్రాల కుర్చీ. సీట్లో అక్క. అంత బరువు పడేసరికి కోసిన స్ప్రింగులకు కదలడానికి మిగిలింది వేలెడు జాగా. ఏ కారులోనైనా స్ప్రింగు నొక్కుకుపోయినప్పుడు ఇనుము ఇనుమును తాకకుండా మధ్యలో ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. అది ఆఖరి గడప. ఈ కారు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆ దిమ్మ మీద కూలబడేది. ఆ దెబ్బ సీట్లోంచి ఆమె నడుములోకి, నడుములోంచి మెడలోకి పోయేది.

బావ ఫోన్ చేసి చెప్పాడు. మేస్త్రి అలవాటైన మాటే అన్నాడు. మెల్లగా పోనివ్వమన్నాడు. బావ మెల్లగానే పోనిచ్చాడు. వెనకాల కార్లు హారన్లు కొట్టాయి. కర్ర పట్టుకుని నడుస్తున్న ఒక ముసలాయన తమను దాటిపోయి, పాపం ఏమైందోనని వెనక్కి తిరిగి చూశాడని బావ మరునాడు చెప్పాడు. అయినా దెబ్బ తగ్గలేదు.

ఆయన కారు మళ్లీ తెప్పించి రబ్బరు దిమ్మలను సగానికి కోశాడు. జాగా పెరిగింది. దెబ్బ కొంచెం ఆలస్యంగా, ఇంకొంచెం గట్టిగా తగిలింది. అప్పుడు వేరే బండికి వేసే బిగువైన స్ప్రింగులు తెచ్చి వేశాడు. ఈసారి కారు కూలబడలేదు. కానీ రోడ్డు మీద గులకరాయి ఉన్నా తెలిసింది.

అక్క వ్యాయామశాల నుంచి తిరిగొచ్చి, మంచం మీద పడుకుని, తమ్ముడికి తనే ఫోన్ చేసింది.

"ఇదివరకు ఏడు దెబ్బలు తినేదాన్నిరా. లెక్క ఉండేది. ఇప్పుడు అదీ లేదు."

ఇక వెళ్లనంది. కోపంతో కాదు. అలసిపోయి అంది. ముప్పై నాలుగేళ్లు నిలబడి పుస్తకాలు కుట్టిన మనిషి. అలసిపోయానని ఎన్నడూ అనని మనిషి. రెండు వారాలు గడిచాయి. వ్యాయామశాల నుంచి ఫోన్ వచ్చింది. మూడు నెలలు అయిపోయాయి, మిగిలిన మూడు నెలలే ముఖ్యం, ఇంకో వారం మానితే ఇంతవరకూ వచ్చిన బలం కూడా పోతుందన్నారు. బావ ఆ సంగతి చెప్పడానికి షెడ్డుకు వచ్చాడు. మామూలుగా వస్తూనే ఏదో ఒక ఎత్తిపొడుపు విసిరే మనిషి ఆ రోజు స్టూలు లాక్కుని ఊరికే కూర్చున్నాడు.

మేస్త్రి బిగువు స్ప్రింగులు తీసేసి, కోసినవి తిరిగి వేశాడు. వెనక షాకు అబ్జార్బరు కడ్డీకి ఒక దారం బిగుతుగా చుట్టి ముడి వేశాడు. కారు ఎంత కిందికి నొక్కుకుంటే దారం కడ్డీ మీద అంత పైకి జరిగి అక్కడే ఆగుతుంది. లారీల షెడ్డులో నేర్చుకున్న పద్ధతి. ఎన్నో ఏళ్లుగా చేయలేదు. అవసరం లేకుండా పోయింది, మెల్లగా పోనివ్వండి అనే మాట ఉంది కాబట్టి.

అక్క కుర్చీని డిక్కీలో పెట్టించాడు. బావను నడపమన్నాడు. తను అక్క సీట్లో కూర్చున్నాడు.

ఇన్నేళ్లలో తను దించిన కారులో పక్క సీట్లో కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారి. స్టీరింగు చేతిలో ఉన్నవాడికి దెబ్బ ఎప్పుడు రాబోతోందో తెలుస్తుంది. ఒళ్లు ముందే సర్దుకుంటుంది. పక్క సీట్లో పట్టుకోవడానికి తలుపు పైనున్న పిడి ఒక్కటే. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర దెబ్బ నడుముకు తగిలింది. రెండో దాని దగ్గర నాలుక కొరుక్కున్నాడు. మూడోది ఇంకా యాభై గజాల దూరంలో ఉండగానే చేయి పిడి మీదికి పోయింది. పిడి మీద అక్క వేళ్లు పట్టిన చోట రంగు అరిగి నున్నగా మెరుస్తోంది.

"మెల్లగా పోనివ్వు బావా" అన్నాడు.

బావ బ్రేకు మీద కాలు అలాగే ఉంచి ఆయన వైపు తిరిగాడు.

"ఇంతకంటే మెల్లగా అంటే దిగి తొయ్యాలి బావమరిదీ."

ఏడోది దాటాక కారు పక్కకు ఆపించి, మేస్త్రి నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగి చూశాడు. దారం కడ్డీ పైకంటా పోయి రబ్బరు దిమ్మలో కూరుకుపోయి ఉంది.

సాయంత్రం అక్క గదికి వెళ్లాడు. ఆమె కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. చెక్క పలక గోడకు ఆనించి ఉంది. రెండు వారాలుగా దాన్ని ఎవరూ కదపలేదు. దాని అంచు మీద సన్నగా దుమ్ము. ఆయన మంచం పట్టె మీద కూర్చుని జరిగింది చెప్పాడు. కారు ఎత్తితే నువ్వు ఎక్కలేవు, దించితే కూర్చోలేవు, స్ప్రింగు బిగిస్తే రాయి, వదులైతే దెబ్బ, నా చేతిలో ఇంకేమీ లేదన్నాడు. ఇంత పొడవైన మాట ఆయన నోట రావడం అరుదు. అక్క వింది.

"ఒరేయ్, నేను నిన్ను కారు దించమన్నానా?"

ఆయన తలెత్తాడు.

"సీటు ఎత్తుగా ఉందన్నాను. నువ్వు కారు పట్టుకెళ్లావు. సరే, నీకు తెలిసిన పని కదా, నీకు తెలియదా అని ఊరుకున్నాను. సీటు దించడానికి కారంతా ఎందుకురా?"

ఎవరైనా ఎత్తు తగ్గించాలంటే ఆయన చేయి స్ప్రింగు మీదికే పోతుంది. ఇన్నేళ్లలో చేయి ఇంకో చోటికి పోలేదు. సీటుకు కాళ్లుంటాయని, ఆ కాళ్ల కింద ఇనుప దిమ్మెలుంటాయని ఆయనకు తెలియక కాదు. అవి ఆయన పని కాదు. రెండు షెడ్ల అవతల సీట్లు కుట్టే అన్న పని.

"నువ్వైనా అప్పుడే చెప్పొచ్చుగా" అన్నాడు చివరికి.

"మేస్త్రివి. నీకు చెప్పేదాన్నా" అంది అక్క. అని, కిటికీ వైపు తిరిగింది. పెదవి కొసలో నవ్వు ఉందో లేదో ఆయనకు కనిపించలేదు.

మరునాడు పొద్దున్నే సీటు విప్పి భుజాన వేసుకుని సీట్ల అన్న షెడ్డుకు నడిచాడు. నాలుగు చోట్ల ఆగాడు, మోకాలి కోసం. సీట్ల అన్న సూది నోట్లో పెట్టుకుని చూశాడు. ఇరవై ఏళ్లుగా పక్కనే ఉన్నాను, నా షెడ్డుకు దారి ఇప్పుడు తెలిసిందా అన్నాడు. అని సీటు బోర్లా తిప్పి లోపలి స్పాంజి వేలితో నొక్కి, ఇందులో ఒక వేలు తీయొచ్చు, అయినా మెత్తగానే ఉంటుందన్నాడు. సీటు కింది ఇనుప కాళ్లు తీసి, పొట్టి కాళ్లు మేస్త్రి తనే వెల్డింగ్ చేశాడు. ఒక్కో కాలూ రెండుసార్లు సుత్తితో కొట్టి చూశాడు. దాంతో ఇంకో వేలు తగ్గింది. కుర్చీలో అక్క కూర్చునే మెత్త కింద ఇంకో మెత్త వేస్తే కుర్చీ ఒక వేలు పెరిగింది. మూడు వేళ్లు అయ్యాయి.

మిగిలిన ఒక్క వేలు కారుకు వదిలేశాడు. కోసిన స్ప్రింగులు తీసి మూలన పడేశాడు. ఆ కారుకనే ఒక వేలు పొట్టిగా చేసి అమ్మే స్ప్రింగులున్నాయి, వాటికి తగిన పొట్టి షాకులున్నాయి. అవి తెప్పించాడు. రబ్బరు దిమ్మలు కొత్తవి, కోయనివి. ఇంకో పని కూడా చేశాడు. ఇదివరకు ఆయన కారు జాకీ మీద ఉండగానే, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే, బోల్టులన్నీ బిగించేసేవాడు. అలా బిగిస్తే చక్రాన్ని పట్టి ఉంచే కింది ఇనుప చేతుల కీళ్లలోని రబ్బరు బుషులు ఆ భంగిమలోనే మెలిపడి, కారు నేల మీదికి దిగాక స్ప్రింగును సరిగా ఆడనివ్వవు. ఇది ఆయనకు తెలుసు. టైం పడుతుందని మానేసిన పని. ఈసారి కారును జాకీ మీంచి నేల మీదికి దించి, డిక్కీలో కుర్చీ పెట్టి, బావను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, అక్క సీట్లో ఇసుక బస్తా పెట్టి, కిందికి దూరి ఒక్కో బోల్టూ బిగించాడు. ఆ ఇరుకులో పానా పావు చుట్టు కూడా తిరగదు. పావు చుట్టు తిప్పడం, తీయడం, మళ్లీ పెట్టడం.

"ఇంకా ఎంతసేపు?" అని బావ పైనుంచి అడిగాడు. "నన్ను బస్తాను చేశావు, బస్తాను మీ అక్కను చేశావు."

కింద నుంచి పానా చప్పుడు మాత్రం వచ్చింది.

సోమవారం అక్క పలక మీద చేతులు ఆనించింది. జరిగింది. ఒక్కసారి ఆగి ఊపిరి తీసుకుంది. సీట్లోకి వచ్చింది. మేస్త్రి వెనక సీట్లో కూర్చున్నాడు. షాకు కడ్డీకి కొత్త దారం.

మొదటి స్పీడ్ బ్రేకర్ ఇంకా దూరంగా ఉండగానే అక్క చేయి పిడి మీదికి వెళ్లింది. కారు ఎక్కింది, కొంచెం నిలిచింది, దిగింది. చప్పుడు రాలేదు. రెండోది. మూడోది. పిడి మీద వేళ్లు అలాగే ఉన్నాయి. ఆ చేయి వెంటనే నమ్మదు. నాలుగోది దాటాక ఆమె తల కొంచెం పక్కకు వాలింది. మేస్త్రి ముందుకు వంగి చూశాడు. కళ్లు మూసుకుని ఉంది. అయిదో దాని దగ్గర చేయి పిడి వదిలి ఒళ్లోకి వచ్చింది.

వ్యాయామశాల ముందు బావ కుర్చీ తెచ్చి పక్కన పెట్టాడు. దిగడం ఎక్కడంకంటే తేలిక. అక్క కుర్చీలో సర్దుకుంటుండగా మేస్త్రి నేల మీద పడుకుని కారు కిందికి జరిగాడు. దారం కడ్డీ మీద మధ్యలో ఆగి ఉంది. దారానికీ రబ్బరు దిమ్మకూ మధ్య రెండు వేళ్లు పెట్టి చూశాడు. పట్టాయి.

"లేవరా, చొక్కా మాసిపోతుంది" అంది అక్క పైనుంచి.

"నువ్వు పద. వస్తాను."

కుర్చీ చక్రాలు కదిలాయి. గాజు తలుపు తెరుచుకుని మూసుకుంది. లోపల ఎవరో ఆమెను పలకరించిన గొంతు సన్నగా వినిపించింది, ఇన్నాళ్లూ ఏమైపోయారని.

కారు కింద నీడగా, చల్లగా ఉంది. నడుముకు నేల సమంగా ఆనింది. ఆయన అలాగే కాసేపు పడుకున్నాడు.