పూజలో పెట్టిన పాస్‌పోర్టు

పరదేశపోళ్లు పాస్‌పోర్టు ఎప్పుడూ మీద పెట్టుకునే తిరగాల్నా, ఇంట్లో పెట్టినా సరిపోతాదా అని మొన్న మా ఇంట్లో టీవీ ముందర మాటలొచ్చినాయి. పెట్టుకోవాల్సిందే అన్నాడు మా ఆయన. అంత అవసరమేముంది అన్నాడు మా మరిది. నేను లేసి వంటింట్లోకి పోయినాను. ఆ మాట మాట్లాడే మొగం నాకు లేదు.

మాది ఎమ్మిగనూరు, రెండు మగ్గాలుండే ఇల్లు. నాలుగేళ్ల కిందట పోలండు నుంచి ఒక పిల్ల నేత నేర్చుకుంటానని వచ్చి మా ముందరి గదిలో దిగింది. ఇరవై ఆరేళ్లుంటాయి. మొదట్లో పోగు తెగితే ఏడ్చేది. ఎనిమిది నెలలకు జొన్నరొట్టె తట్టేదీ, మా యాసలో నాతో కొట్లాడేదీ రెండూ వచ్చేసినాయి. వీసా గడువు ఇంక మూడు నెలలే ఉండె. ఇంకో ఏడాదికి అర్జీ పెట్టింది. అది వస్తే తన చేత్తో ఒక చీర మొదట్నుంచి కొసదాకా నేయల్లని ఆమె ఆశ.

పాస్‌పోర్టు గుడ్డ సంచిలో ఏసి మెడకు తగిలించుకుని లోపల దాచుకునేది. నిద్రపోయినా తీసేది కాదు. "ఏమ్మే, తాళిబొట్టా అది?" అని ఎగతాళి చేసేదాన్ని. సంతలో ఎవడన్నా తెంపుకుపోతే నీకు దిక్కెవరు, బీరువాలో పెట్టు అని పోరు పెట్టి, నేనే తీయించి, మా ఇంటి పత్రాల్లో పెట్టినాను. నిజం చెప్పల్లంటే, నా ఇంట్లో నా చేతి కూడు తింటా నన్ను నమ్మలేదే అని లోపల కోపం కూడా ఉండె.

మహర్నవమి వచ్చింది. ఆపొద్దు మా నేతోళ్లు మగ్గం కడిగి, పేక పోగు నడిపే నాడె, కత్తెర, ఇంటి పత్రాలు అన్నీ పూజలో పెడతాం. మరుసటి రోజు దశమి సాయంత్రం జమ్మి తెచ్చి హారతి ఇచ్చేదాకా ఒక్కటి కూడా కదిలించరాదు. పత్రాలతో పాటు ఆ పాస్‌పోర్టుకూ పసుపు కుంకుమ పెట్టినాను. ఆ పిల్ల మురిసిపోయి ఫోటో తీసుకుంది.

దశమి పొద్దున పక్కింటి కోడలు హొళగుందలో పుట్టింటికి పోతాంటే, దేవరగట్టు జాతర చూస్తానని ఈమె కూడా బయలుదేరింది. గడపలో నిలబడి పాస్‌పోర్టు అడిగింది. పూజ కదిలిస్తే ఇంటికి అరిష్టమన్నాను. ఈడ నిన్ను ఎరగనోళ్లు ఎవరున్నారు, ఎవరడుగుతారు అన్నాను. సరే అక్కా అని పోయింది.

కర్రలతో కొట్టుకునే జాతర కదా, పోలీసులు దారిలో బండి బండీ ఆపి వెతుకుతాండారు. బస్సులో తెల్లతోలు కనపడేసరికి దించినారు. పాస్‌పోర్టు ఏదంటే ఫోన్లో ఫోటో చూపించిందంట. పసుపు పూసిన పుస్తకాన్ని చూసి వాళ్లు నవ్వినారంట.

పదకొండుకు పక్కింటి కోడలు ఫోన్ చేసింది. హొళగుంద స్టేషన్లో కూర్చోబెట్టినారు, అసలుది తెచ్చి చూపిస్తే వదిలేస్తారంట, బిరీన రండి అనింది. మా ఆయన అప్పుడే సొక్కా ఏసుకున్నాడు. మా అత్త బతికుంటే తప్పు ఆమె మీదికి నెట్టేసేదాన్ని. ఆమె పోయి శానా ఏండ్లయింది. జమ్మి అయినాక పోదాం, ఆడ కూర్చుంటే అరిగిపోతాదా అనింది నేనే. ఈ నోటితోనే అన్నాను.

జమ్మి అయ్యేసరికి జాతర కోసం దారులు మూసినారు, బస్సుల్లేవు. తెల్లారినాక ఆదోనిలో బస్సు మారి పోయినాం. ఆ పిల్ల స్టేషన్ బెంచి మీద కూర్చోనుంది, కండ్లు వాచిపోయినాయి. నేను చక్కా లోపలికి పోయినాను. నువ్వెవరు, నీ కాగితం ఏదని నన్ను ఒక్కరూ అడగలేదు. ఆధార్ కార్డు కూడా తీసుకుపోలేదు నేను. ఎస్సై పాస్‌పోర్టు తిప్పి చూసి, కుంకుమ అంటిన వేలు తుడుచుకుని, తీసుకుపోండి అన్నాడు. రాసేది మాత్రం రాసినాడు. ఆ కాగితం పైకి పోయింది.

వీసా పొడిగించలేదు. ఎందుకని కూడా రాయలేదు. వేరే కారణముంటాదిలే వదినా అంటాడు మా మరిది. నన్ను ఓదార్చేదానికి అంటాడని నాకు తెలుసు.

పోయే రోజు బస్టాండులో నేను ఏడ్చినాను. దేవుడు సల్లగా చూస్తాడు, మళ్లీ వస్తావులే అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. తిట్టినట్టు కూడా అనలేదు, మెల్లగా మా మాటలోనే అనింది.

"దేవునికి కోపమొస్తాదని భయపడితివి అక్కా. నాకేమైతాదోనని భయపడలేదు."

అంతలో ఆదోని బస్సొచ్చింది. ఎక్కి కూర్చుంది, కిటికీలో నుంచి నా తట్టు తిరగలేదు.