బానెట్ మీద చేతులు

నా చిన్నప్పుడు మా సంఘంలో ఎవరు బండి కొన్నా, ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని తెచ్చి చర్చి ముందు నిలిపేవారు. పాస్టరుగారు, పెద్దలు చుట్టూ చేరి బానెట్ మీద చేతులుంచి ప్రార్థన చేసేవారు. ప్రార్థన ఇంగ్లీషులో సాగేది. ముసలివాళ్లు మాత్రం మధ్యమధ్య తెలుగులో "స్తోత్రం, స్తోత్రం" అనేవారు. ఆ చేతుల కింద ఏముందో ఎత్తి చూడాలని ఎవరికీ తోచేది కాదు. చూడడమంటే అనుమానించడం, అనుమానించడమంటే ప్రార్థనను తక్కువ చేయడం అనుకునేవాళ్లం. దక్షిణాఫ్రికా కోస్తాలోని మార్‌బర్గ్‌లో, చెరుకు తోటల పనికి వచ్చిన తెలుగువాళ్ల పిల్లలం, మేమంతా అలాగే పెరిగాం.

మా నాన్న కూడా బండిని అలాగే కొన్నాడు.

తెల్లవాళ్ల పాలన పోయి అందరికీ ఓటు రాబోతున్న రోజులవి. మంచి రోజులొస్తున్నాయని పెద్దవాళ్లు అనేవారు గానీ, మా కోస్తా రోడ్డు మీద టైర్లు తగలబడుతుండేవి. జనమంతా ఎక్కే వ్యాన్ టాక్సీల స్టాండుల్లో కాల్పులు జరిగేవి. మా తమ్ముడికి పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉంది. వాణ్ని తరచూ డర్బన్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆపరేషన్ దాకా ఒక్క పరీక్ష కూడా తప్పకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. వాణ్ని ఎత్తుకుని ఇక టాక్సీ ఎక్కనని అమ్మ తెగేసి చెప్పింది.

అప్పుడు మామయ్య, అంటే మా మేనత్త భర్త, ముందుకొచ్చాడు. ఆయన మా సంఘంలో డీకన్. నెలకోసారి ప్రభువు బల్ల రోజున రొట్టె, ద్రాక్షారసం పంచేది ఆయన చేతులే. ఆయన దగ్గర పాత ఫోర్-బై-ఫోర్ ఉండేది. ఎత్తుగా, వెనక మూడో వరుస సీటుతో, కుటుంబమంతా పట్టే బండి. "బయటోడికి అమ్మితే ఎక్కువొస్తది, బావా. పిల్లోడి కోసం నీకిస్తున్నా. దేవుడి చిత్తం, మ్యాన్," అన్నాడు. నాన్న చక్కెర మిల్లులో పనిచేసి దాచుకున్నది, అమ్మ బట్టలు కుట్టి కూడబెట్టింది అందులో పోశారు. ఆ ఆదివారం బానెట్ మీద అందరి చేతులూ పడ్డాయి. అందరికన్నా పెద్ద గొంతుతో ప్రార్థించింది మామయ్యే.

మొదటి ప్రయాణంలోనే, డర్బన్ దారిలో ఉండే ఉమ్‌కొమాస్ ఇంకా రాకముందే, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ, తియ్యటి వాసనతో. నాన్న చెరుకు తోట పక్కన బండి ఆపాడు. దూరంగా ఎక్కడో నల్లటి పొగ లేస్తోంది. ఎండలో తమ్ముడి పెదవులు నీలంగా మారుతుంటే అమ్మ వాడి మొహానికి కొంగు అడ్డం పెట్టి కూర్చుంది. నాన్న వీల్ స్పానర్ చేతిలో పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరైనా వస్తే కొట్టడానికి. మా నాన్న చేతిలో నేను అలాంటి వస్తువు చూడడం అదే మొదటిసారి. చివరికి బక్కీలో, అంటే చిన్న ట్రక్కులో, వెళ్తున్న ఒకాయన తాడు కట్టి మమ్మల్ని వెనక్కి లాక్కొచ్చాడు. ఆ రోజు పరీక్ష పోయింది.

మా పక్కనున్న పోర్ట్ షెప్‌స్టోన్‌లో గ్యారేజీ యజమాని రేడియేటర్ మూత తీసి, లోపలికి చూసి, పకపకా నవ్వాడు. "ఇందులో ఎవడో గుడ్లు కొట్టి పోసిండు! ఏం మ్యాన్, మీ చర్చిలో ఆమ్లెట్లు కూడా వేస్తారా?"

నీళ్లు కారే రేడియేటర్‌లో తెల్లసొన పోస్తే అది ఉడికి చిల్లిని కొన్నాళ్లు మూస్తుందట. తర్వాత గొట్టాలన్నీ పూడుకుపోతాయి. ఇంజిన్ మరిగి మరిగి పైభాగం వంకరపోయింది, మధ్యలో ఉండే గ్యాస్కెట్ కాలిపోయింది. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు ఎక్కువైన టీలాంటి నురగ. గ్యాస్కెట్ ఖరీదు పెద్దదేం కాదు, దాని దాకా చేరడానికే ఇంజినంతా విప్పాలి, వంకరపోయిన పైభాగాన్ని చదును చేయించడానికి డర్బన్ పంపాలి, కొత్త రేడియేటర్ వెయ్యాలి. విప్పాక బెల్టు, వాటర్ పంపు కూడా మార్చకపోతే మళ్లీ ఇదే పని. ముందు చక్రం బేరింగ్ కూడా అరిగిపోయింది. మొత్తం చెప్పేసరికి నాన్న అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాడు. బండి కొన్న ధరలో సగానికి పైనే.

నాన్న అడగడానికి వెళ్తే మామయ్య కూర్చోమని కూడా అనలేదు. "నేనిచ్చినప్పుడు బాగుంది. నీకు నడపడం రాక మరగబెట్టావ్. ప్రార్థన చేసిన బండి మీద నిందలేస్తావా? నీ విశ్వాసం చూసుకో ముందు," అన్నాడు. ఆ మాట నాన్న కన్నా ముందే చర్చికి చేరింది. మరుసటి ఆదివారం మా బెంచీ మీద మేం తప్ప ఎవరూ కూర్చోలేదు. మమ్మల్ని చూసి ఒకావిడ తన పిల్లల్ని అటు జరుపుకుంది. ఆ మొహాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దేవుని పేరు అడ్డం పెట్టి చెడ్డ సరుకు అంటగట్టినవాడు పెద్దమనిషయ్యాడు, మోసపోయినవాడు అవిశ్వాసి అయ్యాడు.

మా నాయనమ్మ, అంటే మామయ్యకు స్వయానా అత్తగారు, ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం చెప్పే మనిషి. ఒకే బిడ్డ కోసం కొట్లాడిన ఇద్దరిలో, బిడ్డను నరకమని చెప్పి, రాజు అసలు తల్లిని ఎలా బయటపెట్టాడో ఆమె చెబుతుంటే మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. తమ్ముణ్ని పరీక్షకు మళ్లీ సోమవారం తీసుకురమ్మని ఆస్పత్రిలో చెప్పారు. ముందురోజు ఆమె నాన్నతో బండిని, నీళ్లు పోసుకుంటూ, చర్చి దాకా పాకించింది. ఆరాధన అయ్యాక, అందరూ ఆవరణలో ఉండగా, తియ్యటి గొంతుతో పిలిచింది.

"అల్లుడూ, ఇప్పుడే డర్బన్ పోతన్నాం. రాత్రికి మా చెల్లి ఇంట్లో పడుకుంటాం. నా కొడుక్కి నడపడం రాదంటివి గదా, నువ్వు నడుపు."

"ఇవాళ పనుంది అత్తా."

"పోన్లే నాయనా. వాడే మెల్లగా నడుపుతాడు. నీ చిన్నోణ్ని పంపు చాలు, మా పిల్లోడికి తోడు. సముద్రం చూపించి తెస్తాం."

మామయ్య చిన్నకొడుకు అప్పటికే ఎగురుకుంటూ వచ్చి వెనక సీటెక్కేశాడు. నాయనమ్మ వాడి పక్కన తమ్ముణ్ని కూర్చోబెట్టి తలుపు వేసింది. నాన్న అయోమయంగా ఆమె వంక చూసి తాళం తిప్పాడు. బండి దగ్గి, తెల్లపొగ కక్కి, గేటు వైపు కదిలింది.

మామయ్య పరుగెత్తాడు. తలుపు లాగి కొడుకు చెయ్యి పట్టుకుని ఈడ్చాడు. "దిగరా! దిగు! నా దగ్గరున్నప్పుడే ఇది ఉమ్‌కొమాస్ కూడా చేరలేదు, మధ్యలో చస్తారు!"

ఆవరణంతా విన్నది. తమ్ముడు ఒక్కడే ఆ సీటులో కూర్చుని ఉన్నాడు.

"మరి వీణ్ని ఎందుకు ఎక్కించావు, అల్లుడూ?" అంది నాయనమ్మ. ఆమె గొంతులో ఇప్పుడు తీపి లేదు.

ఎవరూ స్తోత్రం అనలేదు. మర్నాడు పాస్టరుగారే తమ్ముణ్ని తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్లారు. బాగుచేయించే ఖర్చు మామయ్య పెట్టుకున్నాడు, మొహం మాడ్చుకుని. ఆపరేషన్ దాకా ఆ బండి తమ్ముణ్ని మోసింది. ఈ రోజు వాడు ముగ్గురు పిల్లల తండ్రి.

కానీ రాజీ కుదిరిందని రాస్తే అబద్ధమవుతుంది. "పదిమందిలో నా మొగుడి పరువు తీశావమ్మా," అని మేనత్త మా గడప తొక్కడం మానేసింది. మామయ్య క్షమించమని అడగలేదు. ఆ నెల రొట్టె పళ్లెం వచ్చినప్పుడు, మనసులో కోపం పెట్టుకుని ప్రభువు బల్లను ముట్టకూడదని, నాయనమ్మ దాన్ని తాకకుండా పక్కకు పంపింది. ఆ పళ్లెం పట్టుకుని నిలబడ్డ మామయ్య మాత్రం చివర్లో తన ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నేను కళ్లు మూసుకోకుండా అదంతా చూశాను.

ఇప్పుడు అదే సంఘంలో నేను పెద్దల్లో ఒకదాన్ని. నా విశ్వాసం ఆనాటి కన్నా గట్టిదే, ప్రభువు సాక్షి. అయినా ఎవరైనా వచ్చి "ఇది దేవుడి చిత్తం, తీసుకోండి" అంటే, అది ఇల్లైనా, బడైనా, పెళ్లి సంబంధమైనా, వాళ్ల పెదవుల వంక నేను చూడను. వాళ్ల సొంత పిల్లలు ఎక్కడ కూర్చున్నారో చూస్తాను.