మంచు మీద ఉప్పు ముగ్గు

ఉప్పుకి వాసన ఉండదంటారు గానీ, అలా అనేవాళ్ళు డిసెంబరులో చికాగో పక్కనున్న మా నేపర్‌విల్‌కి వచ్చి, గరాజ్‌లో మూల పడేసిన ఉప్పు బస్తా మూతి విప్పి ఉండరు. మంచు కరిగించడానికి డ్రైవ్‌వే మీద చల్లే ఉప్పు అది. తడిసిన అట్టపెట్టె, కారు టైరు, ఇనుప పార అన్నీ కలిసిన చల్లటి వాసన గుప్పుమంటుంది. మొన్న మొదటి మంచు పడిన పొద్దున బస్తా విప్పగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, తమ్ముడు పుట్టాడని అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఆమె రాకతో మా ఇంట్లో చలికాలం రూపే మారిపోయింది. హీటరు గాలికి ఎండిపోయిన గదుల్లో సాంబ్రాణి పొగ, వేడిగాలి వచ్చే వెంటు మీద ఆరేసిన తమ్ముడి గుడ్డలు, స్కూలు బస్సు దిగి నేను బూట్లు విప్పేలోపే నోట్లో పడే వేడివేడి నేతి ముద్ద, "పిల్ల జుట్టు పీచైపోయిందే, నూనె చుక్క చూపించవా?" అని మా అమ్మకు చీవాట్లు. బయటేమో పక్కింటి పిల్లలతో కలిసి చూరుకి వేలాడే మంచు కడ్డీలు విరిచి కత్తియుద్ధం చేసేవాళ్ళం. గ్లోవ్స్ తీసేసి పట్టుకోవాలి, ఎవరి కత్తి ముందు కరిగితే వాళ్ళు ఓడినట్టు. నా చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉండేవి కాబట్టి ఎప్పుడూ నేనే ఓడేదాన్ని.

ఇంతలో ధనుర్మాసం వచ్చింది. వాకిలి కడిగి ముగ్గు పెట్టనిదే అమ్మమ్మకు గొంతులో కాఫీ దిగదు. మామూలు నీళ్ళు గడ్డకడతాయని ఆమెకూ తెలుసు, అందుకని మహా తెలివిగా బకెట్టెడు మరిగే నీళ్ళు తీసుకెళ్ళి మెట్ల మీదా డ్రైవ్‌వే మీదా కళ్ళాపి చల్లేసింది. వేడంతా ఆవిరై గాల్లో కలిసిపోయింది, నీళ్ళు మాత్రం అద్దంలా బిగుసుకుపోయాయి. చికాగో రైలు అందుకోవాలని లాప్‌టాప్ సంచీతో బయటికొచ్చిన మా నాన్న మెట్టు మీద కాలు పెట్టడం, మెయిల్‌బాక్స్ దగ్గర తేలడం ఒక్కసారే జరిగాయి. మణికట్టు బెణికింది. నాన్న ఎంత నెమ్మదస్తుడైనా ఆ నొప్పిలో, "అత్తయ్యగారూ, ఇక్కడ బయట నీళ్ళు పోయకూడదండీ. ప్లీజ్, ఇంకెప్పుడూ చేయకండి," అనేశారు.

అమ్మమ్మ ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి కిటికీ పక్కన కూర్చుని బోడి వాకిలిని చూస్తుంటే చేతిలో కాఫీ చల్లారిపోయేది. "అల్లుణ్ణి పడేశాను. నెలంతా ఈ బోసి వాకిలి చూస్తూ కూర్చోలేనే. టికెట్టు ముందుకి జరిపించు," అని అమ్మతో అంటుంటే విన్నాను. ఆమె వెళ్ళిపోతే మళ్ళీ స్కూల్లోనే సాయంత్రం దాకా చల్లటి శాండ్‌విచ్ నములుతూ కూర్చోవాలి. అన్నం మానేసి ఏడ్చాను. "ఊరుకోవే పిచ్చిమొహమా," అంటూ అమ్మమ్మ తన కళ్ళు తుడుచుకుంది గానీ, టికెట్టు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ వారమే నాన్న ఒంటిచేత్తో మెట్ల మీద ఉప్పు చల్లుతుంటే అమ్మమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఉప్పు పడ్డచోటే గుంటలు పడుతున్నాయేం బాబూ? ఉప్పులో వేడుందా?"

"లేదండీ. ఉప్పు కలిస్తే నీళ్ళు గడ్డకట్టడానికి ఈ చలి చాలదు. అందుకే ఐస్ మెల్ట్ అవుతుంది."

ఆ గుంటలో వేలు పెట్టి కెవ్వుమన్నాను. మంచుకన్నా చల్లగా ఉంది! "కరగాలంటే దానికి వేడి కావాలి కదరా, నీ వేల్లోంచి లాక్కుంటోంది," అని నాన్న నవ్వారు. అమ్మమ్మ ఏదో ఆలోచిస్తూ లోపలికి వెళ్ళింది.

రెండు రోజులకు, తెల్లవారుజామున పడిన సన్నటి వాన పడినచోటే తెల్లటి పొరలా గడ్డకట్టింది. నేను లేచేసరికి అమ్మమ్మ ఉప్పుని తువ్వాల్లో మూటకట్టి చపాతీ కర్రతో దంచుతోంది. చీర మీద నాన్న కోటు, నెత్తిన మంకీ క్యాప్, కాళ్ళకు అమ్మ స్నో బూట్లు. చారెడు ఉప్పు చల్లుకోవడం, ఆ గరుకు మీద కాలు పెట్టడం, అలా ఆచితూచి కదులుతూ మెట్ల నుంచి కారు దాకా పెద్ద మెలికల ముగ్గు వేసింది. తెలుపు మీద తెలుపు, నాకేమీ కనిపించలేదు.

"ఏదీ ముగ్గు?"

"ఉండవే, దాన్ని కరగనీ."

కిటికీ దగ్గర కాచుకుని కూర్చున్నాం. మెల్లగా గీతలు తడిసి, నల్లబడి, కింద సిమెంటు బయటపడి, ముగ్గు దానంతటదే పైకి తేలింది. అబ్బ, ఎంత బాగుందో! కుక్కను తిప్పుకుంటూ వెళ్ళే ఎదురింటి ముసలాయన ఆగి మరీ ఫోటో తీసుకున్నాడు.

చేతికి కట్టుతో నాన్న బయటికొచ్చి మెట్ల మీదే ఆగిపోయారు. మంచు మీద కాలు పెడితే జారుతుంది, జారని చోటల్లా ముగ్గే. ముగ్గు తొక్కకూడదని బుద్ధి తెలిసినప్పటి నుంచీ విన్న మనిషి. "పర్లేదులెండి అత్తయ్యగారూ, ఇవాళ వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తాను," అన్నారు.

"తొక్కండి బాబూ," అంది అమ్మమ్మ. "మీరు పడకుండా వెళ్ళాలనేగా వేసింది!"

నాన్న ఒక్క క్షణం ఆమె వంక చూసి, బూట్లు విప్పి చంకలో పెట్టుకుని, సాక్సులతో ఆ మెలికలన్నీ తిరుగుతూ, చలికి కుయ్యో మొర్రోమంటూ కారెక్కారు. అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. టికెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. చెరువులో మంచు కరిగి బాతులు తిరిగొచ్చేదాకా మాతోనే ఉంది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఆ ఇల్లు అమ్మేశాం. చూర్లకు అంతంత కడ్డీలు వేలాడటమూ తగ్గింది, వేలాడినా పిల్లలు బయటికి రావడం లేదు. ఉప్పు ముగ్గు నేనూ వేసి చూశాను, గీతలన్నీ కలిసిపోయి మడుగైంది. నాన్నకి అరవై దాటాయి. ఎవరింటికి వెళ్ళినా, గుమ్మంలో ఉన్నది స్టిక్కర్ ముగ్గే అయినా, పక్కనుంచి తిరిగి వెళ్తారు. ఆయన తొక్కిన ముగ్గు ఈ జన్మకి అదొక్కటే.