సచ్చిందనుకున్న గుర్రం

జగిత్యాల కాలేజీలో సాహిత్యం చెప్పే నేను, అందరూ బడిలోనే ముగించే గుర్రపు వీరుని పాకెట్ నవలలను నలభై దాటినంక మొదలుపెట్టిన. ఆలస్యమేం కాలేదు. వీరుడు ఇంకా అదే వయసుల ఉన్నడు.

పుస్తకాలు సిరిసిల్లల మా మేనమామవి. అద్దె పుస్తకాల దుకాణం మూతపడ్డప్పుడు మూటగట్టి తెచ్చి, ఒక్కటీ విప్పకుండ అటకెక్కించిండు.

వరుసగా చదువుకుంట పోయిన. ఒక పేజీల వీరుడు ఉరికంబం మీద ఉంటే, మరుసటి పేజీల పెండ్లి విందు తింటున్నడు. ఎమ్మే చదివిన మనిషిని కదా, రచయిత కాలంతో ప్రయోగం చేస్తున్నడనుకున్న. మామకు వివరించిన గూడ.

మామ ఓపికగా విన్నడు. "అల్లుడా, గది ప్రయోగం కాదు. మేం చేసిన పని."

వాళ్లు మరమగ్గాల షెడ్డుల సాంచెలు నడిపే రోజుల్లో, అద్దెకు తెచ్చిన పుస్తకాలను ముక్కలు చేసి పంచుకునేదట. ఒకరు చదివిన ముక్క పక్క సాంచెకు పోయేది. కొందరికి కథ నడుమ నుంచే మొదలయ్యేది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలె. వాపసు ఇచ్చేముందు చేతికందిన నూలుతోటి కుట్టేసేది. ఏ ముక్క ఏ అట్టలకు పోయిందో చూసే తీరిక ఎవరికుంది?

"తొమ్మిదోదాంట్ల ఆఖరి ముక్క నాదాక రాలె," అన్నడు మామ. "గుర్రం లోయల పడ్డది. పక్క సాంచె దోస్తును అడిగితే సచ్చిందన్నడు. గంతే, మళ్ల గా పుస్తకాలు ముట్టలె."

"పదోదాంట్ల గుర్రం ఉన్నది మామా. నేనే చదివిన."

"నువ్వు చదివింది పదో అట్ట. లోపల ఏది కుట్టినమో నీకేం ఎరుక?"

కుట్లు విప్పుకుంట కూసున్న. తొమ్మిదోదాంట్ల వీరుని ఎడమ చేతికి కట్టు ఉంటది. ఆ కట్టును గుర్తుగ పట్టుకొని పుస్తకాలన్నీ తిరగేస్తే, ఆఖరి ముక్క నాలుగో పుస్తకంల దొరికింది. మామ చాయ్ ముట్టకుండ నన్నే చూస్తున్నడు.

గట్టిగ చదివిన. లోయ అడుగున వాగు ఉన్నదట. గుర్రం జూలు విదిలించుకుంట ఒడ్డెక్కింది.

మామ వెంటనే కోరుట్లలున్న ఆ దోస్తుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టిండు. "అరేయ్, గుర్రం బతికిందిరా! మా అల్లుడు ఇప్పుడే చదివిండు."

అటు దిక్కు నుంచి దోస్తు గొంతు వినబడ్డది. "గట్లనా? నాకేం తెలుసురా, గా ముక్క నాకూ రాలె. నువ్వు అడిగినవని ఏదో ఒకటి చెప్పిన."

మామ ఆ దోస్తును తిట్టిన తిట్లు నేను క్లాసుల చెప్పలేను. అవన్నీ విన్నంక దోస్తు అన్నడు:

"అయినయా? ఫోన్ పెట్టకు. మీ అల్లున్ని పదోది చదవమను, నేను గూడ వింట."