చిన్నమ్మకు కరెంటు

మా గౌలిపుర గల్లీలో రేడియేషన్ అనే మాట లేదు. క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఆసుపత్రిలో పెట్టేది కరెంటు. ఫలానా ఆయనకు కరెంటు పెట్టారట, గొంతు పోయిందట అని చెప్పుకుంటారు. నువ్వు చేసే పనేందని చిన్నమ్మ మొదటిసారి అడిగినప్పుడు గామా కిరణాల గురించి ఏదో మొదలుపెట్టాను. ఆమె ముఖం చూసి, పోనీలే అని, కరెంటు లాంటిదే అనేశాను. అంతే, గల్లీకంతా కరెంటు డాక్టరమ్మనయ్యాను. సరిదిద్దాలనుకున్నాను. తరవాత బద్ధకమేసింది. ఇంకొన్నాళ్లకు, నిజం చెప్పాలంటే, బాగానే ఉందనిపించింది. పాల క్యాన్లు దించుతూ చిన్నాయన ఎవరికో నన్ను చూపించి గొప్పలు పోతుంటే వద్దనడానికి నోరు రాలేదు.

నేను చేసేది వైద్యం కాదు. ఒక తగరపు ముక్క మీదకు ఫోటాన్ల, అంటే కాంతి కణాల, కిరణాన్ని పంపిస్తాం. శక్తి సరిగ్గా కుదిరితే అందులోని పరమాణు కేంద్రకం దాన్ని మింగి ఉత్తేజపడుతుంది. ఆ స్థితిలో ఎంతోసేపు నిలవలేదు. మింగినదాన్ని గామా కిరణాలుగా కక్కేసి కిందికి దిగాల్సిందే. ఒక్క ఊపులో దిగుతుందా, మధ్యలో ఆగి ఆగి దిగుతుందా అన్నదే నా ప్రశ్న. దానివల్ల ఎవరికి లాభం అని అడిగితే నాకు ఒళ్లు మండేది. ఈ మధ్య అంతగా మండటం లేదు.

నాకు కావలసిన కిరణాన్ని పుట్టించే యంత్రం దూరదేశంలో ఉంది. దరఖాస్తు పెట్టుకుని వంతు వచ్చినప్పుడు వెళ్లాలి. ఈసారి నా వంతు వచ్చేసరికి చిన్నమ్మకు చెంప లోపలి క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ అయింది. గడ్డంతా తీసేశామన్నారు. నేను ధైర్యంగానే బయల్దేరాను.

అక్కడ యంత్రం నడుస్తుండగా చిన్నాయన ఫోన్ చేశాడు. కరెంటు కూడా పెట్టాలని డాక్టర్ అంటున్నాడని, చిన్నమ్మ మస్తు భయపడుతోందని చెప్పాడు. నా కళ్లు మాత్రం కంప్యూటర్ తెర మీద లేస్తున్న గీతలను వదల్లేదు.

"నేనొచ్చినంక చూద్దాం తియ్ చిన్నాయనా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాను.

ఆమె భయం సంగతి వచ్చాక మాట్లాడదామని నా ఉద్దేశం. వాళ్లకు అర్థమైంది వేరు. కరెంటు మన బిడ్డే వచ్చి పెడుతుంది, అప్పటిదాకా ఆగమంది, అనుకున్నారు. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే, మా ఇంట్లనే డాక్టరున్నదని చిన్నమ్మ ధీమాగా చెప్పి పెట్టేసిందట. పనిలో ఉన్నదాన్ని సతాయించొద్దని నాకు మళ్లీ చెయ్యలేదు.

కొన్ని వారాలకు నేను తిరిగొచ్చేసరికి చిన్నమ్మ తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని, లాడ్ బజార్ గాజులు నిండుగా తొడుక్కుని కూర్చుంది. ఎప్పుడు పోదాం బిడ్డా అని అడిగింది. ఎక్కడికి అన్నాను. చెప్పింది.

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టర్ ఫైలు తిప్పి, ఇన్ని వారాలు ఎందుకు ఆగారని అడిగాడు. చిన్నాయన, నువ్వు చెప్పు అన్నట్టు నా వైపు చూశాడు. ఆ చూపులో పిసరంత నింద కూడా లేదు. ఆలస్యం వల్ల నష్టం జరిగిందా అని తరవాత విడిగా అడిగాను. ఇప్పుడే ఏమీ చెప్పలేమని, ముందే రావాల్సిందని అన్నాడు.

ఇప్పుడు రోజూ కరెంటుకు నేనే వెంట వెళ్తున్నాను. ఆమెకు నోరంతా పూసింది, చల్లటి మజ్జిగ తాగినా మంటే. అయినా బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్లకు నన్ను చూపించి మా డాక్టరని చెబుతుంది. నిన్న ఇక తట్టుకోలేక అంతా చెప్పేశాను. నేను వైద్యం చేసే డాక్టర్ని కానని, మనిషికి ఎన్నడూ కరెంటు పెట్టలేదని, నా మాట వల్లే ఆలస్యమైందని. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "మరి గిన్నేండ్లు ఎవలికి పెట్టినవ్ బిడ్డా?"

"తగరపు బిళ్లకు, చిన్నమ్మా."

"దానికేం రోగమొచ్చింది?"

ఆ గొంతులో వెక్కిరింత లేదు, తెలుసుకోవాలనే అడిగింది. దానికి ఏ రోగమూ లేదని చెప్పడానికి బదులు, మన వంతు వచ్చిందేమో చూసొస్తానని లేచాను.